ఎడమకి లాగే బండి

కల్లంలో కాయలున్న రోజుల్లో నేను కొత్త మనిషిని నమ్మను. పాత మనిషిని అసలే నమ్మను.

పోయినేడు మాఘమాసం చివర్లో రెండో కోత కాయలు కల్లానికి తెచ్చాం. ఇంటి వెనక చదును చేసిన నేల మీద ఎర్రగా పరిచి ఉన్నాయి. పొద్దున మంచు ఆరాక పట్టాలు తీయాలి. ఎండలో రెండుసార్లు కాలితో తిరగేయాలి. పొద్దు వాలకముందే మళ్ళీ కప్పాలి. నా భార్య వెంకటరావమ్మ ఉన్నప్పుడు ఆ పని ఆమెది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు నాది.

అతను మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. మోటారు సైకిలు రోడ్డు మీదే ఆపి, వీధి గేటు వైపు పోకుండా గడ్డివాము పక్కనుంచి దొడ్డిదారిన నేరుగా కల్లంలోకి వచ్చాడు. మా ఇంటికి కొత్తగా వచ్చినవాడు ఎవడూ ఆ దారిన రాడు. ఆ దారి ఒకటి ఉందని ఊళ్ళో సగం మందికి తెలియదు.

"యలమందయ్య గారేనాండీ?"

"ఎవరు చెప్పారు?"

"పేరా అండీ?"

"దారి."

అతను నవ్వాడు. ముప్పై ఏళ్ళుంటాయి. భుజాన సంచి. ఫోను ఎత్తి కల్లాన్ని ఫోటో తీశాడు. అంతకుముందు ఏడు రోడ్డు వెడల్పు చేస్తామని ఇద్దరు ఇలాగే వచ్చి, ఇలాగే నవ్వి, ఫోన్లో ఫోటోలు తీసుకుపోయారు. నెల తిరక్కుండా పైచేలో రాళ్ళు పాతారు.

"ఫోను జేబులో పెట్టు. రాళ్ళు పాతేవాడివైతే తాసీల్దారు దగ్గరికి పో. కాయలు కొనేవాడివైతే యార్డులో కనపడు."

"రెండూ కాదు బాబాయ్ గారూ. నేను కార్లు వెతుకుతానండీ."

"నేను నీకు బాబాయిని కాను. ఇక్కడ కార్లు లేవు."

"ఇప్పుడు లేవండీ. ఒకప్పుడు ఉంది కదా, బోడి కారు."

కాయలు తిరగేస్తున్న కాలు ఆగింది. ఆ మాట విని ముప్పై ఏళ్ళు దాటింది.

తాలుకాయలు ఏరుతున్న నసీమున్నీసా తలెత్తి చూసింది. రంగుపోయిన తెల్లకాయల్ని వేరుచేసే పనికి పదిహేనేళ్ళుగా మా కల్లానికి ఆమే వస్తుంది. చేతి కంటే నోటికి పని ఎక్కువ. "బోడి కారేంది పెద్దాయనా? కారుకి గుండు కొట్టించారా?"

"నీ పని నువ్వు చూసుకో."

అతని పేరు చైతన్యకృష్ణ. విజయవాడ. పాత సినిమాల్లో తిరిగిన కార్లు తర్వాత ఏమయ్యాయో వెతికి పట్టుకుని, వీడియోలు చేసి పెడతాడట. ఒక కారు సింగరాయకొండ దగ్గర హైవే హోటలు ముందు దొరికిందట, ఇంజను ఉండాల్సిన చోట బంతిమొక్కలు వేసి ఉన్నాయట. ఇంకోదాని పైకప్పు ఎవరో కోళ్ళ షెడ్డుకి వేసుకున్నారట.

"దాన్ని కూడా మనుషులు చూస్తారా?"

"నాలుగు లక్షల మంది చూశారండీ."

"ఏం చూశారు? కోళ్ళనా?"

నసీమున్నీసా కిసుక్కున నవ్వింది. అతనూ నవ్వి, అసలు విషయానికి వచ్చాడు. "మీ కారు అన్నిటికంటే గొప్పదండీ. పైకప్పు కోసేసి, బానెట్ పీకేసి, ఇంజను బయటికి పెట్టి, పొగగొట్టాలు రెండు పక్కలా పైకి లేపి... అలాంటిదాన్ని హాట్ రాడ్ అంటారు. తెలుగు సినిమా కోసం ఇక్కడివాళ్ళే చేసింది నాకు తెలిసి ఇదొక్కటే. ఆ కాలువ దూకే సీను ఇప్పటికీ చూస్తారు. అది తోలింది మీరేనటగా?"

ఆ సీనులో హీరోకి బదులు నేను తోలానని తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల ముగ్గురే. బయట చెప్పొద్దని సినిమా కంపెనీ వాళ్ళు మాట తీసుకున్నారు. నేను ఎవరికీ చెప్పలేదు. ఒకణ్ణి నేను. రెండో మనిషి వెంకటరావమ్మ. మూడోవాడు ప్రేమదాసు.

"ప్రేమదాసు పంపించాడా నిన్ను?"

"ఆయనెవరండీ?" అన్నాడు. ఆ అనడంలో అర సెకను ఆలస్యం ఉంది.

"వెళ్ళు. కాయల మీద నడవకుండా వెళ్ళు."

*

ప్రేమదాసుది అద్దంకి. బస్టాండు వెనక వెల్డింగు షెడ్డు ఉండేది. గుంటూరు పొగాకు షావుకారు ఒకాయన వాడి పారేసిన ప్లిమత్ కారుని కోసి, కుదించి, ఆ బోడి కారు చేసింది అతనే. అప్పట్లో నాకు ట్రాక్టరు, అతనికి షెడ్డు. రోజు విడిచి రోజు కలిసేవాళ్ళం. సినిమావాళ్ళు సాగర్ కాలువ మీద నుంచి కారు దూకించాలన్నారు. వాళ్ళు తెచ్చుకున్న మనిషి కాలువ చూసి వెనక్కి తగ్గాడు. నేను తోలతానన్నాను. దూకాను. అవతలి గట్టు మీద వెనక ఎడమ చక్రం ముందు దిగింది. నా ఎడమ భుజం ఎముక విరిగింది. ఫైట్ల పెద్దాయన వచ్చి, కారు మీరే ఉంచుకోండి, కట్టు విప్పగానే దానితో సహా మద్రాసు వచ్చెయ్యి, నీకు పని లేని రోజుండదు అన్నాడు. నేను మూడు వారాలు గుంటూరు ఆసుపత్రిలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి షెడ్డులో కారు లేదు.

"కంపెనీ వాళ్ళే తీసుకుపోయార్రా," అన్నాడు ప్రేమదాసు, నా మొహం చూడకుండా.

కంపెనీకి ఉత్తరం రాశాను. మేం తీసుకోలేదని జవాబొచ్చింది. ఆ ఉత్తరం పట్టుకుని షెడ్డుకి పోయి, పదిమంది ముందు దొంగ అన్నాను. అతను కాదనలేదు. ఔననలేదు. కారు లేకుండా నేను మద్రాసు పోలేదు. చేతిలో కారు లేనివాణ్ణి, విరిగిన భుజంవాణ్ణి, అక్కడ ఎవరు రానిస్తారు? ఇక్కడే ఉండిపోయాను. మిరప, పత్తి, మిరప. ఆ తర్వాత అతనితో ఒక్క మాట లేదు.

వెంకటరావమ్మ పెద్దకర్మ నాడు అతను వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. "దొంగలకి ఇక్కడ విస్తరి వెయ్యం," అన్నాను. గేటు వేశాను. చాలామంది చూశారు. చూడాలనే వేశాను.

*

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నా కూతుర్ని అడిగాను. నాగజ్యోతి ఊళ్ళో బళ్ళో టీచరు. పెళ్ళి చేసుకోనంది. కారణం చెప్పలేదు, నేను అడగలేదు. ఇంట్లో మేమిద్దరమే.

"మధ్యాహ్నం వచ్చిన మనిషిని నువ్వెరుగుదువా?"

"ఎవర్నీ?"

"ఎవర్ని అని అడుగుతున్నావంటే ఎరుగుదువు. ఊళ్ళోవాళ్ళంతా అతని గురించే మాట్లాడుకుంటుంటే నీకు తెలియకుండా ఉండదు."

"పప్పులో ఉప్పు చాలిందా?" అంది.

ఈ ఇంట్లో ఆడవాళ్ళు మాట తప్పించడంలో మొదట్నుంచీ నేర్పరులు.

జ్యోతి ప్రతి ఆదివారం కూరగాయలకని అద్దంకి పోతుంది. పదింటికి పోయి రెండింటికి వస్తుంది. అరసంచి వంకాయలకి నాలుగు గంటలా అని నేను రెండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. ఆ సోమవారం పెరట్లో చూస్తే నాలుగు గిన్నెల క్యారేజీ బోర్లించి ఉంది. ఆదివారం బడి లేదు. క్యారేజీ ఎవరికి?

లెక్క కలిసిపోయింది. ఆదివారాలు, క్యారేజీ, దొడ్డిదారి తెలిసిన మనిషి. కార్లు వెతకడం ఒక వంక. నా కూతురి కోసం వచ్చి నన్ను బోడి కారుతో బోల్తా కొట్టించాలని చూస్తున్నాడు. జ్యోతి వాడికంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదని కూడా తోచింది. ఆ వయసులో వాడు ఆమె కోసం ఎందుకొస్తాడు? అంటే ఈ కల్లం కోసం, ఈ చేల కోసం.

నసీమున్నీసాని అడిగాను. "మా అమ్మాయి అద్దంకిలో ఎక్కడికి పోతుందో నీకేమైనా తెలుసా?"

ఆమె చేతిలో కాయ పక్కకి విసిరింది. "కాయల్లో తాలు ఏరమన్నావు. ఏరుతున్నా. నీ కూతుర్లో ఏరమని కూలికి పిలవలా."

"తెలుసన్నమాట."

"తెలిస్తే చెప్పను. తెలియకపోతే చెప్పలేను. కాయలు తిరగెయ్యి పెద్దాయనా, కింద పక్క మెత్తబడతన్నాయి."

*

నాలుగు రోజుల తర్వాత అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి వీధి గేటు నుంచి వచ్చాడు. ఎవరో చెప్పి ఉంటారు. జ్యోతి బడి నుంచి అప్పుడే వచ్చింది. అతనికి కాఫీ ఇచ్చింది. నేను ఇద్దరి కళ్ళూ చూస్తూ కూర్చున్నాను. వాళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. అసలు తెలియనివాళ్ళు అంత జాగ్రత్తగా చూపు తప్పించరు.

"ఒక్కటి చూపించి వెళ్ళిపోతానండీ," అన్నాడు.

ఫోనులో సినిమా పెట్టాడు. అది విడుదలైన ఏడు నరసరావుపేటలో ఒకసారి చూశాను. వారం కూడా ఆడలేదు. మళ్ళీ చూడలేదు. చిన్న అద్దంలో దుమ్ము లేచింది. మట్టి దిబ్బ ఎక్కి కారు గాల్లోకి లేచింది. అతను వేలితో ఆపాడు.

గాల్లో ఆగిపోయి ఉంది. లోపల తల వంచుకుని ఉన్నది నేనే. ఇరవయ్యేడేళ్ళ నేను.

"మొహం కనపడదండీ. నాకు కావలసింది కూడా అది కాదు. ఇదిగో." రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేశాడు. కారు పొట్ట, దాని కింద వెనక ఇరుసు. మధ్యలో గిన్నెలా ఉబ్బిన చోట, పక్కగా ఒక అతుకు. పొడుగ్గా, ఒక కొస సన్నంగా. దాని మీద రెండు నల్లటి చుక్కలు.

"ఈ అతుకు ఇంకే కారుకీ లేదండీ. దీన్ని బట్టే ముక్క దొరికినా పోల్చుకోవచ్చు. ఇదేంటో మీకేమైనా గుర్తుందా?"

ఎందుకు గుర్తుండదు. దూకే ముందు రోజు సాధన చేస్తుంటే ఇరుసు చిట్లింది. అద్దంకి పోయి ఇనుము తెచ్చే వ్యవధి లేదు. మా నాన్న గుంటక విరిగి పడి ఉంటే, కలుపు కోసే ఇనప బద్ద, పాస అంటాం, అది పీక్కొచ్చి ఇచ్చాను. ప్రేమదాసు దాన్నే ఇరుసుకి వేసి అతికాడు. నేను పట్టుకున్నాను. కరిగిన ఇనుము చుక్క నా మోచేతి మీద పడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రెండు నల్ల చుక్కలు గుంటకకి మేకులు దిగిన బెజ్జాలు.

"గుర్తులేదు," అన్నాను. "ముక్కలు చేసి తూకానికి అమ్ముకుని ఉంటాడు ఆ దొంగ. ఇక రావద్దు."

అతను లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "దొంగ అయితే ఎక్కడో ఒకచోట తేలేదండీ. ఇన్నేళ్ళు వెతికాక నాకు తెలిసింది అదొక్కటే. అమ్మిన కారు తేలుతుంది. దాచిన కారే తేలదు," అన్నాడు.

నాకు అబద్ధం చెప్పడం కొత్త కాదు. కానీ ఆ అబద్ధం ఎందుకు చెప్పానో నాకే తెలియలేదు. ఆ అతుకు నేను సినిమా తర్వాత కూడా ఎక్కడో చూశాను.

*

మా కల్లం మూల టైరు బండి ఉంది. ఎద్దుల్ని అమ్మేసి పన్నెండేళ్ళయింది. బండి మాత్రం కాడి నేలకి ఆనించి అలాగే ఉంది. పట్టాలు దాని మీద మడిచి పెడతాం.

జ్యోతి పుట్టినప్పుడు వెంకటరావమ్మ కాన్పుకి పుట్టింటికి పోయింది. ఐదో నెలలో బిడ్డతో తిరిగొచ్చినప్పుడు ఆ బండిలోనే వచ్చింది. పసుపు పూసి, చక్రాలకి నిమ్మకాయలు కట్టి ఉంది. మా అన్న పెట్టాడు అంది. ఆ రోజుల్లో టైరు బండి అంటే ఏదో ఒక పాత వాహనం ఇరుసు మీద చెక్కలు బిగించిందే. లారీదో, జీపుదో, కారుదో ఎవడు అడుగుతాడు? నేనూ అడగలేదు.

బండి మంచిదే. కాకపోతే మొదటి రోజు నుంచీ ఎడమకి లాగేది. ఎడమ పక్క ఎద్దుకి ఎప్పుడూ మెడ పుండే. ఎన్ని ఎద్దులు మార్చినా అంతే. కాయలు వేసుకుని యార్డు దారి పట్టిన ప్రతిసారీ, తిరిగొచ్చిన ప్రతిసారీ, వంటింటి వైపు తిరిగి అరిచేవాణ్ణి: "మీవాళ్ళు పెట్టిన బండి కూడా మీవాళ్ళ లాంటిదే! ఒక్క గజం తిన్నగా నడవదు!"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది. ఏడుస్తుందనుకునేవాణ్ణి. ఏడవనీ అనుకునేవాణ్ణి.

అతను వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం కొడవలి తీసుకుని బండి కిందికి దూరాను. కందెన, మట్టి, మిరప దుమ్ము కలిసి రాయిలా గట్టిపడి ఉన్నాయి. గీకాను. నసీమున్నీసా వంగి చూసింది.

"ఏంది పెద్దాయనా, ఎద్దులు లేని బండికి క్షవరమా?"

ఇంకా గీకాను. ఇరుసు మధ్య గిన్నె బయటపడింది. పక్కనే అతుకు. పొడుగ్గా, ఒక కొస సన్నంగా. కొడవలి మొన పెట్టి తిప్పితే రెండు బెజ్జాల్లోంచీ మట్టి ఊడి నా మొహం మీద పడింది.

బండి కింద చాలాసేపు పడుకున్నాను. ముందు వచ్చిన ఆలోచన, వెంకటరావమ్మ నాకు అబద్ధం చెప్పింది అని. రెండోది, ఆమెకీ ప్రేమదాసుకీ మధ్య ఏముంది అని. ఆ ఆలోచన ఎంత దూరం పోయిందో ఇక్కడ రాయను. చచ్చిన మనిషిని అనుమానించడంలో ఒక సుఖం ఉంది, ఎదురు చెప్పదు.

*

జ్యోతి బడి నుంచి వచ్చేసరికి నేను గుమ్మంలోనే ఉన్నాను. ఒళ్ళంతా కందెన.

"క్యారేజీ ఎవరికి?"

ఆమె నా చేతుల వైపు చూసింది, తర్వాత కల్లం మూలకి చూసింది. భుజాన సంచి తీసి కింద పెట్టింది.

"చూశారా?" అంది.

"నేను అడిగింది క్యారేజీ గురించి."

"ప్రేమదాసు మామయ్యకి."

"మామయ్యా?"

"అమ్మ ఆయన్ని అన్నా అనేది. నాకు మామయ్యే కదా. మేరీ అత్తయ్య పోయింది, ఆయనకి కళ్ళు సరిగ్గా కనపడవు. వెల్డింగు మంట చూసీ చూసీ పోయాయి. అమ్మ ఆసుపత్రిలో ఉండగా నాకు చెప్పింది. వారానికి ఒకసారైనా చూసి రమ్మంది."

"ఇంకేం చెప్పింది?"

"అన్నీ చెప్పింది. నా నోటితో మీకు చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకుంది."

"ఆ కార్లవాడు?"

"నేనే ఉత్తరం రాశాను. మీకు వీడియోలు చూసే అలవాటు లేదు గానీ, వెతకడం మొదలుపెడితే అతను వదలడు. దొడ్డిదారి కూడా నేనే చెప్పాను, బండి ఆ మూలే ఉంటుంది కాబట్టి. బండి సంగతి మాత్రం చెప్పలేదు. అది కళ్ళబడకుండా ఫోటో తియ్యడు కదా అనుకున్నాను. కల్లాన్ని తీశాడు గానీ బండిని చూడలేదు." గొంతులో కొంచెం కోపం కూడా ఉంది, అతని మీద. "నేను నోరు విప్పలేదు నాన్నా. మీరే కనుక్కున్నారు. ఒట్టు నిలబడింది."

"ఎందుకు చేసింది?"

"అది ఆయన్ని అడగండి," అంది. "మీరు ఆయన్ని ఎప్పుడూ ఏమీ అడగలేదట."

*

ఆదివారం ఆమెతో పాటు అద్దంకి పోయాను. క్యారేజీ నేను పట్టుకోలేదు. ప్రేమదాసు ఇల్లు షెడ్డు వెనకే. షెడ్డులో ఇప్పుడు ఎవరో టీవీలు బాగుచేస్తున్నారు. జ్యోతి గిన్నెలు సర్దడానికి లోపలికి పోయింది. అతను వసారాలో కుక్కిమంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు మబ్బుపట్టినట్టు ఉన్నాయి. తల ఎత్తి గాలి పీల్చాడు.

"మిరపకాయ ఘాటు వస్తంది. జ్యోతీ, ఎవర్ని తీసుకొచ్చావమ్మా?"

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆ చప్పుడుకి పోల్చుకున్నాడేమో, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. కొట్టించుకోవడానికి సిద్ధపడ్డ మనిషిలా.

"బండి ఎడమకి లాగేది," అన్నాను.

"తెలుసు."

"ఎట్లా తెలుసు?"

"ఇరుసు వంకర నేనెంత కొట్టినా తీరలేదురా. నువ్వు దూకిన దూకుడు అది. నేను అతికించగలను గానీ నీ దూకుడు సరిచెయ్యలేనుగా."

"నా కారు కోసే హక్కు నీకెవరిచ్చారు?"

"వెంకటరావమ్మ. నువ్వు ఆసుపత్రిలో ఉండగా వచ్చింది. ఏడో నెల కడుపు. ఎండలో నడిచొచ్చింది. అన్నా, ఆయన మద్రాసు పోతాడు, పోతే ఒకరోజు నాకు కబురొస్తుంది, ఈ కారు ఉన్నంతవరకూ ఆయన ఆగడు, కోసెయ్యి అంది. నేను కొయ్యనన్నాను. గ్యాసు కట్టరు తనే ఎత్తబోయింది. ఆ కడుపుతో." ఆగాడు. "కోశాను. నా చేతుల్తో చేసింది నా చేతుల్తోనే కోశాను. నీకొక్కడికే పోయిందనుకుంటున్నావు ఆ కారు."

నేను మోచేతి మీది మచ్చ తడుముకున్నాను.

"తూకానికి వెయ్యడానికి మనసొప్పక ఇరుసు ఉంచాను. వాళ్ళన్న బండి చేయించబోతుంటే అది ఇచ్చాను. ఎట్లయినా ఆ ఇంటికే చేరాలి కదా అనుకున్నా. కడుపులో బిడ్డ మీద ఒట్టు పెట్టించుకుంది, ఆవిడ ఉండగా చెప్పనని. మా బైబిల్లో ఒట్లు పెట్టుకోకూడదని ఉంది. అయినా పెట్టా."

"ముప్పయ్యేడేళ్ళు నన్ను దొంగా అననిచ్చావు."

"దొంగా అన్నావు. ఏం చేశావురా అని అడగలా. అడిగినవాడికైతే జవాబు చెప్పకుండా ఉండటం కష్టమయ్యేది. నువ్వు ఆ కష్టం పెట్టలేదు." గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. "ఆవిడ పోయాక ఒట్టు తీరిందనుకున్నా. పెద్దకర్మ నాడు చెప్పడానికే వచ్చాను."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. జ్యోతి వింటోంది.

నేను లేచాను. క్షమించమని అనలేదు. ఆ మాట నాకు అలవాటు లేదు. అతనూ దాని కోసం చూడలేదు. మెట్టు దిగబోతుంటే వెనక నుంచి అన్నాడు:

"ఒరేయ్ యలమందా, బండిని ఏమని తిట్టేవాడివిరా? మీవాళ్ళ లాంటిదే, గజం తిన్నగా నడవదు అనేగా?"

"నీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు? సంతకొచ్చినప్పుడల్లా ఇక్కడ ఆగేది. నీలాగా గొంతు చేసి చెప్పేది. చెప్పి, మా మేరీ, ఆవిడా కడుపులు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆయన కారు ఆయన్నే లాక్కుపోతోంది, ఆయనకి తెలియదు అని. ఇంట్లో నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటున్నాను అన్నా అనేది."

"నవ్వేదా?" అన్నాను.

"నవ్వకపోతే?"

*

చైతన్యకృష్ణకి జ్యోతి చేత ఫోను చేయించాను. వచ్చి బండి కింద పడుకుని గంటసేపు ఫోటోలు తీసుకున్నాడు. ఇరుసు తనకి ఇమ్మన్నాడు, ఎక్కడో పదిమంది చూసేచోట పెడతానన్నాడు. ఇవ్వనన్నాను. వీడియోలో నా పేరు వెయ్యొద్దన్నాను. కారు చేసినవాడి పేరు మాత్రం పెద్దగా వెయ్యమన్నాను. దొంగ కాదు అని కూడా వెయ్యనాండీ అని అడిగాడు. అది నేను చెప్పుకుంటాలే అన్నాను. ఇంకా చెప్పలేదు. షెడ్డులో పదిమంది ముందు అన్న మాట, పదిమంది ముందే తీసుకోవాలి. ఆ పదిమందిలో ఆరుగురు పోయారు.

చైత్రంలో ఆఖరి కాయలు సంచులకెత్తాక కల్లం ఖాళీ అయింది. ఆ సాయంత్రం బండి మీద పట్టాలు దింపి, కాడి రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని లాగాను. టైర్లలో గాలి లేదు. అయినా కదిలింది. నాలుగడుగులు తిన్నగా వచ్చింది. ఐదో అడుగుకి ఎడమకి తిరిగింది. ఎదురుతోసినా ఆగలేదు. నా ఎడమ భుజం కలుక్కుమంది.

కాడి కింద పడేసి, వంటింటి వైపు తిరిగి, ఎప్పటిలాగే అరిచాను.

"మీవాళ్ళు పెట్టిన బండి కూడా మీవాళ్ళ లాంటిదే! ఒక్క గజం తిన్నగా నడవదు!"

లోపల గరిటె చప్పుడు ఆగింది. జ్యోతి బయటికి రాలేదు. కాసేపటికి నవ్వు వినపడింది, ఆపుకోబోయి ఆపుకోలేని నవ్వు. వాళ్ళమ్మ నవ్వు లాగే ఉండి ఉండాలి. పోల్చి చెప్పడానికి నేను అది ఎప్పుడూ వినలేదు.